పండక్కి నిచ్చెన తీసుకెళ్ళాలి

"అది తాగుబోతుల పండగట గదరా, చిన్నపిల్లని పెట్టుకుని ఆ గుంపులోకి వెళ్తావా?"

మొన్న ఆదివారం వీడియో కాల్లో మా అమ్మ అడిగిన ప్రశ్న ఇది. తెనాలిలో ఉన్న మనిషికి ఈ ఊసు ఎవరు మోశారా అని ఆరా తీస్తే, ఫోన్లో ఏదో రీలు చూసిందట. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నవాడొకడు ఆకుపచ్చ బీరు తాగి ఫుట్‌పాత్ మీద పడున్నాడట. ఆకుపచ్చ బీరు అమెరికావాళ్ళ సరదా అమ్మా, మా ఊళ్ళో నేనెప్పుడూ చూళ్ళేదు అన్నాను. నమ్మలేదు.

వచ్చే మంగళవారం, మార్చి 17, ఐర్లండ్‌వాళ్ళ పెద్ద పండగ సెయింట్ పాట్రిక్స్ డే. నేను డబ్లిన్ వచ్చాక ఇది తొమ్మిదోది. అందులో రెండు కోవిడ్ మింగేసింది. ఇన్నేళ్ళు చూశాక ఈ పండగ విషయంలో ఇక్కడి తెలుగువాళ్ళం మూడు రకాలని తేలింది. ఒక రకం పొద్దున్నే ఆకుపచ్చ టీషర్టు తగిలించి పబ్బుల పేట టెంపుల్ బార్‌కి పోయి, మామూలు కంటే ఎక్కువ డబ్బు పోసి ఒక పైంటు బీరు కొని, దాన్ని ముందు పెట్టుకుని పాతిక ఫొటోలు దిగి వచ్చేస్తారు. రెండో రకానికి అదొక సెలవు, అంతే. బిర్యానీ, సినిమా, మధ్యాహ్నం కునుకు. "వాళ్ళ పండగ, మనకెందుకు" అంటారు. మూడో రకం తెలివైనవాళ్ళు. "అసలిది పండగేంటి, అంతా అమెరికాలో తయారైన సరుకు" అని గ్రూపులో లింకులు పెడతారు.

నేను చాలాకాలం మూడో రకం. పైగా అదే నాలుకతో మన సంఘంవాళ్ళు చేసే ఉగాదిని కూడా "శనివారం ఉగాది" అని వెక్కిరించేవాణ్ణి. పంచాంగం ఏ రోజు చెప్పినా, హాలు దొరికేది శనివారమే కదా. ఇప్పుడు ఆ రెండు వెక్కిరింతలూ మానేశాను. ఎందుకు మానేశానో చెప్తాను. మీరు మూడో రకం అయితే మీరూ మానేస్తారని ఆశ.

ముందు 2018 సంగతి. నేను వచ్చి రెండు నెలలు. ఆ ఏడు మార్చి 17 శనివారం పడింది. చలి మామూలుగా లేదు. నెల మొదట్లో కురిసిన పెద్ద మంచు పోయిందనుకుంటే ఆ వారాంతంలో మళ్ళీ తిరిగొచ్చింది. పార్నెల్ స్క్వేర్ దగ్గర మొదలయ్యే పెరేడ్ ఓకానెల్ వంతెన దాటి డేమ్ స్ట్రీట్ మీదుగా వస్తుందని తెలిసి, నేనూ మా రూమ్మేట్లూ ఆ వీధిలో నిలబడ్డాం. ఆలస్యంగా వెళ్ళాం కాబట్టి ముందు ఆరు వరసల జనం. నాకు కనపడిందల్లా తలకాయలూ, బ్యాండువాళ్ళ ట్రంపెట్ల చివర్లూ. చుట్టూ చూస్తే తెలివైన కుటుంబాలు మడత నిచ్చెనలు తెచ్చుకున్నాయి. ఇంట్లో బల్బు మార్చడానికి వాడే అల్యూమినియం నిచ్చెన. పై మెట్టు మీద ఒక పిల్ల, కింది మెట్టు మీద ఇంకో పిల్లాడు, కాళ్ళు పట్టుకుని నాన్న. నాకు మహా నవ్వొచ్చింది. తిరణాలకి నిచ్చెన మోసుకెళ్ళే జనాన్ని అదే చూడటం.

మధ్యాహ్నం చలికి తట్టుకోలేక ఒక పబ్బులో దూరాం. ఐర్లండ్, ఇంగ్లండ్ రగ్బీ మ్యాచ్ నడుస్తోంది, లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో. రగ్బీ రూల్సు నాకు ఒక్కటీ తెలీదు. 24-15తో ఐర్లండ్ గెలిచి గ్రాండ్ స్లామ్ కొట్టింది, అంటే ఆ ఏటి టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలిచింది. అంతకు ముందు వాళ్ళ చరిత్రలో రెండేసార్లు, 1948లోనూ 2009లోనూ. అదీ ఇంగ్లండ్ గడ్డ మీద, పాట్రిక్ పండగ రోజున. పక్కన నిలబడ్డ పెద్దాయనెవరో నన్ను వాటేసుకుని ఏడ్చాడు. ఆ హడావుడిలోనే నేనొక తప్పు చేశాను. గిన్నిస్ అనే ఇక్కడి నల్ల బీరు పోసేటప్పుడు ముప్పావు గ్లాసు నింపి పక్కన పెడతారు. లోపల గోధుమరంగు నురగ మెల్లగా నల్లబడి, పైన తెల్లటి మీగడ తేలాక అప్పుడు మిగతాది నింపుతారు. ఆ సంగతి తెలియక సగంలో ఉన్న గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. బార్‌లో అతను నోరెత్తకుండా నా చేతిలోంచి గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. పీటల మీద తాళి కట్టకముందే భోజనాలకి లేచిపోయినవాణ్ణి చూసినట్టు చూశాడు.

మర్నాడు ఆదివారం, విలంబి ఉగాది. అయిదుగురు మగపిల్లలున్న అద్దె ఇల్లు. మూర్ స్ట్రీట్ కొట్లో మామిడికాయ దొరికింది, బెల్లం, చింతపండు దొరికాయి. వేపపువ్వు లేదు. మా వాడొకడు నాలుగు మెంతులు వేయించి దంచి కలిపాడు. "ఇది పచ్చడి కాదురా, మెంతి పులుసు" అన్నాను. "చేదుందా లేదా? ఉంటే మూసుకుని తాగు" అన్నాడు. అప్పుడు ఆ మాటకి విలువ ఇవ్వలేదు.

తర్వాత కొన్నేళ్ళకి, గ్రూపులో ఎవరితోనో వాదించడానికి ఈ పండగ చరిత్ర తవ్వాను. తవ్వేకొద్దీ నా వాదనకి బలం దొరికింది. ఆ బలమే చివరికి నా మీద తిరగబడింది.

పాట్రిక్ ఐరిష్‌వాడే కాదు. 5వ శతాబ్దం మనిషి, రోమన్ బ్రిటన్‌లో పుట్టాడు. పదహారేళ్ళ వయసులో దోపిడీగాళ్ళు ఎత్తుకొచ్చి ఇక్కడ బానిసని చేశారు. ఆరేళ్ళు మందలు కాశాడు. తప్పించుకుని ఇల్లు చేరాక, మళ్ళీ బిషప్పుగా ఇదే దేశానికి తిరిగొచ్చాడు. ఇవన్నీ ఆయనే లాటిన్‌లో రాసుకున్నాడు, ఆ రాత ఇప్పటికీ ఉంది. పాముల్ని సముద్రంలోకి తోలాడనేది కథ. మంచు యుగం తర్వాత ఇక్కడ పాములే లేవు. ఆయన రంగు కూడా మొదట్లో నీలం. ఈ దేశాధ్యక్షుడి జెండా ఇప్పటికీ నీలమే.

ఇక పెరేడ్. ఇప్పటిదాకా కాగితాల్లో దొరికినవాటిలో అన్నిటికంటే పాతది 1601లో, ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టిన్‌లో, అప్పటి స్పెయిన్ వలసలో జరిగింది. న్యూయార్క్‌లో 1762లో బ్రిటిష్ సైన్యంలో పనిచేసే ఐరిష్ సిపాయిలు మొదలుపెట్టారు. ఐర్లండ్‌లో మార్చి 17కి సెలవు ఇచ్చిందే 1903లో. డబ్లిన్‌లో ప్రభుత్వం తరఫున పెరేడ్ 1931లో. ఇప్పుడు మనం చూస్తున్న పండగ అయితే 1996లో ఒక్కరోజుతో మొదలైంది, రోజులకొద్దీ జరగడం 1997 నుంచి. అంటే పుట్టినూరికి ఈ సంబరం అమెరికా చుట్టూ తిరిగి వచ్చింది.

మా తెలివైన బ్యాచ్ వాదన ఇక్కడితో ఆగిపోతుంది. "చూశారా, అంతా అరువు సరుకే!" సరే. కానీ ఆ సిపాయిల తర్వాత న్యూయార్క్‌లో దాన్ని పెద్ద పండగ చేసినవాళ్ళు ఎవరు, ఎందుకు నడిచారు? 1845లో బంగాళదుంపకి తెగులు పట్టింది. 1852 దాకా సాగిన ఆ కరువులో పది లక్షల మంది దాకా చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి పోయారు. 1841లో ఈ ద్వీపంలో 80 లక్షలకు పైగా జనం ఉండేవాళ్ళు. దాదాపు రెండు వందల ఏళ్ళు కావస్తున్నా ఇప్పటికీ ఆ లెక్కకి చేరలేదు. వెళ్ళినవాళ్ళకి అక్కడ మర్యాదేమీ దొరకలేదు. అలాంటి ఊళ్ళో ఏడాదికి ఒక్కరోజు నడిరోడ్డు మీద బ్యాండు పెట్టుకుని "మేం ఇక్కడున్నాం" అని నడవడానికి దమ్ము కావాలి. ఇంటి దగ్గరున్నవాడికి ఆ అవసరం రాలేదు. ఇక్కడ పాట్రిక్ రోజంటే పొద్దున చర్చి, కోటుకి ఆకు గుచ్చుకోవడం, ఇంట్లో భోజనం. దాన్ని వీధి పండగ చేసింది ఇల్లు దూరమైనవాళ్ళు.

తిండి దగ్గర ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికాలో ఈ రోజున కార్న్‌డ్ బీఫ్, అంటే ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసం, క్యాబేజీతో తింటారు. మా పక్కింటావిడ, డెబ్బై దాటిన డబ్లిన్ మనిషి, ఆ మాట వింటే ముక్కు చిట్లిస్తుంది. ఆవిడ ఇంట్లో ఉప్పు పట్టించిన పంది మాంసం ఉడకబెట్టి, ఆ నీళ్ళలోనే క్యాబేజీ ఉడికించి, పార్స్‌లీ వేసిన తెల్ల సాస్‌తో తింటారు. న్యూయార్క్ చేరిన పేదవాళ్ళకి ఆ రకం పంది మాంసం అందుబాటులో లేదు. వీధి చివర యూదుల మాంసం కొట్టులో ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసం చవగ్గా దొరికేది. అదే తెచ్చుకుని ఎప్పట్లాగే క్యాబేజీతో ఉడకేశారు. ఇది చదివినప్పుడు నాకు మా వాడు వేయించిన నాలుగు మెంతులు గుర్తొచ్చాయి. చేదుందా లేదా?

మేం పందీ గొడ్డూ తినం కాబట్టి మా ఇంట్లో ఆ రోజు వేరే లెక్క. 2021లో డబ్లిన్ శివారు లూకన్‌లో ఇప్పుడున్న ఇంటికి మారాక, పక్కింటావిడ మా ఆవిడకి సోడా బ్రెడ్ నేర్పింది. ఈ రొట్టెకి ఈస్ట్ ఉండదు, పిసకడం ఉండదు, పొంగేదాకా కాచుకుని కూర్చోవడం ఉండదు. గోధుమపిండి, ఉప్పు, తినే సోడా, మజ్జిగ. అంతే. ఇక్కడ పండే గోధుమ మెత్తరకం, ఈస్ట్ రొట్టెకి అంతగా పనికిరాదు. 19వ శతాబ్దంలో తినే సోడా చవగ్గా రావడంతో పేదిళ్ళలో ఇది నిలబడిపోయింది. మజ్జిగ పుల్లగా ఉంటేనే సోడా పొంగుతుంది. ఆవిడ కొట్లో కొన్న డబ్బా మజ్జిగ తెచ్చింది. మా ఆవిడ అది రుచి చూసి, "ఇదేం పులుపు" అని, మా ఫ్రిజ్‌లో మూడు రోజులుగా మగ్గుతున్న పెరుగు చిలికి పోసింది. పిండి చేతికి అంటుకుంటూ ఉండగానే గుండ్రంగా చేసి, పైన కత్తితో అడ్డంగా నిలువుగా రెండు గాట్లు పెట్టి పొయ్యిలో పెట్టారు. గాట్లెందుకంటే, లోపలిదాకా ఉడకడానికి అని నేనన్నాను. లోపలున్న దయ్యాలు బయటికి పోవడానికి అని పక్కింటావిడ అంది. ముప్పావుగంటకి తీసి, తలకిందులు చేసి అడుగున వేలితో కొట్టింది. డొల్లగా, కుండ మీద కొట్టినట్టు మోగితే అయినట్టు. వేడిమీద వెన్న రాసుకు తినాలి. మర్నాటికి ఇటుకరాయి అవుతుంది. రెండోసారి నుంచి మా ఆవిడ జీలకర్ర, పచ్చిమిర్చి ముక్కలు వేస్తోంది. "ఇది మన దిబ్బరొట్టెకి మేనత్త కూతురు" అంటుంది.

ఇంకోటి కాల్కానన్. బంగాళదుంపలు ఉడికించి మెదిపి, వేయించిన క్యాబేజీయో, కేల్ అనే ఆకుకూరో కలిపి, కంచంలో గుట్టలా పోసి, మధ్యలో గరిటెతో గుంట చేసి, ఆ గుంటలో ఇంత వెన్న వేస్తారు. అంచుల్లోంచి కొద్దికొద్దిగా తీసుకుని కరిగిన వెన్నలో ముంచుకు తినడం. మొదటిసారి ఆవిడ గుంట చేస్తుంటే నేనూ మా ఆవిడా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. వేడన్నంలో గుంట చేసి నెయ్యి పోసే చెయ్యి ఎక్కడున్నా ఒకటే. అన్నట్టు ఇది వాళ్ళకి అసలు హాలోవీన్ నాటి వంట. పాట్రిక్ రోజున మాకోసం చేసింది. సంప్రదాయం తప్పింది కదా అని అడిగితే "తప్పితే ఏమైంది" అంది.

తాగుడు సంగతికొస్తే, మా అమ్మ భయంలో పస లేదనను. ఆ సాయంత్రం ఆరు దాటాక ఊరి నడిబొడ్డున ఉండటం నాకూ ఇష్టం ఉండదు. గాజుపెంకులు, వాంతులు, అరుపులు. మా ఆఫీసులో ఐరిష్‌వాళ్ళే సగం మంది ఆ రోజు సిటీ వదిలి పారిపోతారు. మద్యం ఈ దేశానికి నిజంగానే తలనొప్పి. 2022 జనవరి నుంచి ఇంతకంటే తక్కువకి అమ్మకూడదని కనీస ధర కూడా పెట్టారు. టెంపుల్ బార్ సెల్ఫీ బ్యాచ్ మీద నాకు ఇప్పటికీ జాలే. పబ్బులో రౌండ్ల పద్ధతి తెలియకుండా పోయి, నలుగురు పోయించిన నాలుగూ తాగేసి తన వంతు రాకముందే "టాటా" చెప్పేవాడి మీద ఇంకా జాలి. వాడి పేరు ఆఫీసులో చాలాకాలం మోగుతుంది.

అయితే తాగుడు ఈ పండగకి పుట్టుమచ్చేం కాదు. 1920ల నుంచి 1960 దాకా ఐర్లండ్‌లో పాట్రిక్ పండగ రోజున పబ్బులు తెరవకూడదని చట్టం. డబ్లిన్‌లో ఆ రోజు చట్టబద్ధంగా మందు దొరికే చోటుగా ఊరంతటికీ తెలిసింది ఒకటే, రాయల్ డబ్లిన్ సొసైటీవాళ్ళ కుక్కల ప్రదర్శన. పక్కింటావిడ చిన్నప్పటి ముచ్చట అది. వాళ్ళ నాన్న ఏడాదంతా వీధికుక్కని చూస్తే రాయి విసిరేవాడట. మార్చి 17న మాత్రం టై కట్టుకుని కుక్కల్ని చూడ్డానికి పోయేవాడట. వచ్చాక "ఏ కుక్క గెలిచింది నాన్నా" అంటే చెప్పలేకపోయేవాడట. దానికంటే పాత ఆచారం ఇంకోటుంది. మార్చి 17 ఎప్పుడూ ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాల మధ్యలో పడుతుంది. ఆ ఒక్కరోజు నియమం సడలుతుంది. రోజంతా కోటుకి గుచ్చుకున్న షామ్‌రాక్ అనే మూడు రెక్కల ఆకుని రాత్రి ఆఖరి గ్లాసులో వేసి, తాగి, ఆ ఆకుని ఎడమ భుజం మీంచి వెనక్కి విసిరేస్తారు. ఒక్క గ్లాసు, ఒక్క ఆకు. రీల్‌లో చూపించేది ఇది కాదు. నేనైతే రెండేళ్ళుగా ఆల్కహాల్ లేని గిన్నిస్‌తో కానిస్తున్నాను. అది కూడా ముప్పావు పోసి ఆగుతారు. ఈసారి నేనూ ఆగుతున్నాను.

ఆ షామ్‌రాక్‌ని మా అమ్మ ఇట్టే గుర్తుపట్టింది. మా పాప స్కూల్లో ఆకుపచ్చ కాగితంతో చేసిన మూడు రెక్కల ఆకుని ఫోన్ ముందు పెట్టి ఊపుతుంటే, "ఇది మన పులిచింతాకే కదే" అంది. అది వేరు, ఇది వేరు అందామనుకున్నాను. తీరా చూస్తే షామ్‌రాక్ అంటే ఏ మొక్క అనేదాని మీద ఇక్కడా గొడవే ఉంది. పులిచింత జాతి మొక్కే అసలుదని వాదించినవాళ్ళున్నారు. అసలుదేదో తేలని ఆకుని పట్టుకుని ఒక దేశం ఇన్ని వందల ఏళ్ళు పండగ చేసుకుంటోంది. మనం మాత్రం వేపపువ్వు లేదని ఉగాదిని కొట్టేస్తున్నాం.

అసలు, నకిలీ అనే కొలబద్ద పట్టుకుంటే చిక్కు మన ఇంటిదాకా వస్తుంది. ఠాగూర్ 1919లో మదనపల్లెలో ఉన్నప్పుడు 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు. అక్కడే కాలేజీలో ఉన్న మార్గరెట్ కజిన్స్ ఆ పాటకి స్వరాలు రాసిపెట్టింది. ఆవిడది ఐర్లండ్‌లో రోస్‌కామన్ జిల్లా, బాయిల్ అనే చిన్న ఊరు. మన వి.వి. గిరి లా చదివింది డబ్లిన్‌లోనే. 1913లో వచ్చి, ఇక్కడి స్వాతంత్ర్య పోరాటపు గాలి సోకి, 1916లో దేశం వదిలి పొమ్మనిపించుకుని వెళ్ళారు. ఎవరి పాటలో ఎవరి చెయ్యి ఉందో విడదీయడం మొదలుపెడితే తెల్లారుతుంది.

ఇదంతా బాగానే ఉంది గానీ, నిరుడు వేసవి తర్వాత ఇంత ధీమాగా రాయగలనా అని నాకే ఒక సందేహం ఉండేది. 2025 జులై, ఆగస్టుల్లో డబ్లిన్‌లో మనవాళ్ళ మీద వరసగా దాడులు జరిగాయి. జాగ్రత్తగా ఉండమని ఎంబసీ ప్రకటన ఇచ్చింది. ఫీనిక్స్ పార్కులో జరగాల్సిన ఇండియా డే వాయిదా పడింది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ భారత పౌరులు 45 వేలకు పైనే. అంతమందిలో ఆ నెలల్లో రాత్రిపూట ఒంటరిగా బస్టాపులో నిలబడటానికి టెన్షన్ పడనివాడు నాకు కనపడలేదు. గ్రూపులో ఒకతను అడిగాడు: "మనల్ని కొడుతుంటే మన పిల్లల మొహాల మీద వాళ్ళ జెండా ఎందుకు వెయ్యాలి?" ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ జెండాని, ఆ వీధిని కొట్టేవాళ్ళకి రాసిచ్చేసి ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చలేదు. ఈ దేశపు పెద్ద పండగ ఎత్తుకొచ్చిన ఒక పరాయి కుర్రాడి పేరు మీద ఉంది. దాన్ని వీధికెక్కించింది పరాయి దేశంలో ఛీ అనిపించుకున్నవాళ్ళు. ఈ కథలో మన పక్షం ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024లో మేం ఊరి బయట ఒక చిన్న టౌను పెరేడ్‌కి వెళ్ళాం. రెండు ట్రాక్టర్లు, ఒక ఫైరింజన్, కరాటే క్లాసు పిల్లలు, వాళ్ళ వెనక మలయాళీల చెండ మేళం, దాని వెనక మన ఆడవాళ్ళు కోలాటం కర్రలతో. పట్టుచీరల మీద దళసరి కోట్లు, కాళ్ళకి స్పోర్ట్స్ షూలు. చలికి కర్రలు సరిగ్గా తగల్లేదు, తాళం తప్పింది. జనం మాత్రం చప్పట్లు తప్పకుండా కొట్టారు.

2022లో, కోవిడ్ తర్వాత మళ్ళీ పెరేడ్ మొదలైన ఏడాది, 18న కూడా సెలవిచ్చారు. పాపకి అప్పటికి రెండేళ్ళు. ముందు రోజు సాయంత్రం పక్కింటావిడ గ్యారేజీలోంచి మడత నిచ్చెన తెచ్చి మా గుమ్మంలో ఆనించింది. "దానికి అక్కడ ఏం కనపడుతుంది, అందరి నడుములే" అంది. నాలుగేళ్ళ క్రితం చూసి నవ్విన నిచ్చెన. దాన్ని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో పాపనెత్తుకుని బస్సెక్కాను. డ్రైవరు నిచ్చెనకి టికెట్ అడగలేదు. పది గంటలకే డేమ్ స్ట్రీట్‌లో చోటు పట్టి, పన్నెండు దాకా దానికి కాపలా కాశాను. మా పాప పై మెట్టు మీద, ఎవరో తెలియని పిల్లాడు కింది మెట్టు మీద. వాడి నాన్న ఒక కాలూ నేనొక కాలూ పట్టుకున్నాం.

అప్పటినుంచీ ప్రతి మార్చిలో ఆ నిచ్చెన మా ఇంటికొస్తుంది. ఈసారి కూడా నిన్న తెచ్చిచ్చింది. ఇస్తూ, "మీ ఆ చేదు జ్యూసు పండగ ఎప్పుడు?" అని అడిగింది. లెక్క ప్రకారం 19, గురువారం. హాలు మాత్రం శనివారం దొరికింది, అందుకని 21న చేసుకుంటున్నాం అని కాస్త సిగ్గుపడుతూనే చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"అయితే నిచ్చెన శనివారం తీసుకెళ్తాలే. మెంతులు ఎక్కువ వెయ్యొద్దని మీ ఆవిడకి చెప్పు" అంది.